గుంటలు పూడ్చిన నక్ష

కలెక్టరేటు మూడో అంతస్తులో
ఫ్యాను మాత్రమే తిరిగే గదిలో
నల్లగొండ నా ముందు గడులు గడులుగా పరుచుకుంది.
ముప్పై మీటర్లకొక గడి,
గడికొక్క అంకె.
నాలుగు వందల ఇరవై ఒకటి, ఇరవై,
మళ్లీ ఇరవై, పందొమ్మిది...
ఉపగ్రహం అంత పైనుంచి చూసి
నేల గురించి ఇంతే చెప్పింది.

ఒక గడిలో నాలుగు ఇండ్లు పడతాయి,
మేకల దొడ్డి పడుతుంది,
మూత లేని మోరి పడుతుంది.
అన్నింటికీ కలిపి ఒకటే ఎత్తు.

ఈతవనాన్ని గుట్ట అనుకుంది ఆ లెక్క.
బైపాస్ రోడ్డును కట్ట అనుకొని
దాని వెనక లేని చెరువును నింపి చూపింది.
రోడ్డు కింద తూము ఉన్న సంగతి
ఆకాశానికెట్లా తెలుస్తుంది?

నీళ్లెటు పారతాయో తేల్చేముందు
ఒక మీట నొక్కాలి,
గుంటలు పూడ్చే మీట.
చుట్టూ ఎత్తుండి నడుమ పల్లమైతే
అది కొలతలో వచ్చిన తప్పు,
పూడ్చకుంటే నీరు అక్కడే ఆగి
లెక్క ముందుకు సాగదని
శిక్షణలో నేర్పారు మాకు.
నొక్కాను.
టీ చల్లారేలోపు
మూడు వందల పన్నెండు గుంటలు పూడిపోయాయి.
వాటిలో ఒకటి కుమ్మరికుంట.
అక్కడ నూటనలభై గడపలున్నాయి.

నీరటి మల్సూరుకు డెబ్బై దాటాయి.
ఆయన నీళ్లు కట్టిన ఆయకట్టంతా
ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు.
పని పోయింది, పేరు ముందు నీరటి మిగిలింది.
నా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూసి
"తూమేదమ్మా?" అన్నాడు.
లేదన్నాను.
"మత్తడి?"
అదీ లేదు.
"మత్తడి లేని చెరువు గీసినవ్.
నిండినంక యాడికెళ్లి దుంకాలె అది?"

కర్ర పట్టుకొని ముందు నడిచాడు.
ఇక్కడ మోకాలుబంటి అన్నాడు,
ట్రాన్స్‌ఫార్మర్ కాడ నడుముబంటి,
బడి గోడ దగ్గర ఏమీ అనలేదు,
కర్రను గొంతుకు అడ్డంగా ఆనించుకున్నాడు.
నేను మీటర్లు రాసుకున్నాను.
ఆయన పొట్టి మనిషి.
అదీ రాసుకున్నాను.

ఈదమ్మ సోడా బండి దగ్గర ఆగి
నీలం రంగు చూపించాను,
ఇదిగో ఇక్కడిదాకా రావచ్చని.
ఆమె చాలాసేపు చూసింది.
"గా నీలం నా ఇంటిమీద పెట్టకు మేడమ్.
బ్యాంకోడు లోనియ్యడు, కొనెటోడు రాడు.
వానకొచ్చిన నీళ్లు చెంబుతోని ఎత్తిపోస్త,
కాయితం మీదికొచ్చిన నీళ్లు
దేనితోని ఎత్తిపొయ్యాలె?"
గోలీ సోడా కొట్టి ఇచ్చింది, పైసలు తీసుకోలేదు.
అది మర్యాదో లంచమో
ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

ఆ రాత్రి పూడ్చిన గుంటలను ఒక్కొక్కటే తెరిచాను.
మల్సూరు చూపిన పదకొండు తూములను
రోడ్డు అంకెల కింద తవ్వాను.
నీళ్లు కదిలాయి.
ఈతవనాన్ని దాటి, బడి గోడను దాటి,
ఎవరో పిలిచినట్టు తిన్నగా
కుమ్మరికుంటకొచ్చి కూర్చున్నాయి.
ఈదమ్మ గడిలో నేల నాలుగు వందల పదిహేడు.
నీళ్లు పద్దెనిమిది.

అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది,
ఈ ఎత్తులు నాలుగు మీటర్లు
అటూ ఇటూ కావచ్చునని.
నాలుగు మీటర్లంటే
మల్సూరు మీద మల్సూరు నిలబడి
ఆపైన సగం మల్సూరు.
ఆ చిన్న అక్షరాల్లో
ఇల్లు మొత్తం మునగనూవచ్చు,
గడప తడవకపోనూవచ్చు.

అయినా నీలం పెట్టాను.
చెయ్యి ఆగింది, ఆగలేదని చెప్పను.
రంగుల పట్టికలో మీటర్లు తీసేసి
మోకాలుబంటి, నడుముబంటి, గొంతుబంటి
అని మూడు నీలాలు రాశాను.

ఈఈ సారు కళ్లజోడు పైకి తోసుకొని
ఇదేం కొలతమ్మా అన్నాడు.
గొంతుబంటి అంటే
ఎవరి గొంతు?

పెన్ను అడిగి తీసుకొని
ఆ మాట పక్కనే
మల్సూరుది అని రాసిచ్చాను.